అసెంబ్లీలో పెదవి కదపని సనా

2023లో యాకుత్‌పురా దగ్గరి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చాను. మాది కాకినాడ వైపు. హైదరాబాద్ పాతబస్తీలో పనిచేయడం అదే మొదలు.

అక్కడ ఉదయం అసెంబ్లీలో, అంటే తరగతులకు ముందు పిల్లలంతా వరుసగా నిలబడే సమావేశంలో, ఒక స్తోత్రం చదివించేవారు. పాలవ్యాపారి యాదగిరి పట్టుబట్టి పెట్టించిన అలవాటది. ఆయన ఎస్‌ఎంసీ చైర్మన్. ఎస్‌ఎంసీ అంటే తల్లిదండ్రుల కమిటీ. తొమ్మిదో తరగతి సనా స్తోత్రం చదవలేదని వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమెను గేటు బయట నిలబెట్టాడు. మరునాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి జహంగీర్ ఆటో మెకానిక్.

"బడి మాన్పిస్తున్న మేడమ్. ఇజ్జత్ పోయినంక చదువెందుకు?"

"రేపు పంపించండి. ఆ స్తోత్రం ఇక ఉండదు," అన్నాను.

మర్నాడే ఆపించాను. యాదగిరి నేరుగా నా గదికి వచ్చాడు.

"ఏంది మేడమ్ గిది? దేవుణ్ణి తలుచుకుంటే తప్పా?"

"తప్పు కాదు యాదగిరి గారూ. ఇంట్లో, గుడిలో మీ ఇష్టం. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం ఇరవై ఎనిమిదో అధికరణం చెబుతోంది."

"అయితే పైకి అర్జీ పెడత," అన్నాడు. పెట్టాడు. సంజాయిషీ ఇమ్మని నాకు మెమో వచ్చింది. "మీకెందుకండీ ఈ లొల్లి," అన్నారు తోటి టీచర్లు. మా అమ్మాయి ఇంటర్ చదువు మధ్యలో నన్ను బదిలీ చేస్తారేమోనని భయం వేసింది. అయినా మాట మార్చుకోలేదు.

ఆ వారమే జహంగీర్ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మస్తు మంచి పని చేసిన్రు మేడమ్. గట్లనే శుక్రారం జుమ్మా నాడు మౌల్వీ సాబ్‌ను పిలిపిస్త. మా పిల్లలకు అరగంట చెప్తడు. బళ్ళె మావోళ్ళే ఎక్కువ గదా."

"కుదరదు భాయ్. యాదగిరి గారికి ఏం చెప్పానో మీకూ అదే చెప్పాలి."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "అంటే మాకు హక్కు లేదా?"

నేను నోరు తెరిచేలోపే సనా అంది. "అబ్బాజాన్, గప్పుడు మౌనిక బయట నిలబడాలె. ఎట్లుంటదో నాకెరుక."

మౌనిక యాదగిరి కూతురు. ఇద్దరిదీ ఒకే బెంచి.

జహంగీర్ కూతురి సంచీ అందుకుని ఆమె భుజానికి తగిలించాడు. "చల్ బేటా, క్లాసుకు పో," అని లేచాడు. మౌల్వీ మాట మళ్ళీ ఎత్తలేదు.

నా సంజాయిషీని పైవాళ్ళు ఒప్పుకున్నారు. యాదగిరి మాత్రం ఏడాదంతా నాతో మాట్లాడలేదు. అయినా కూతుర్ని బడి మాన్పించలేదు.

హక్కులకు హద్దులుంటాయని సాంఘికశాస్త్రంలో ఎన్నో తరగతులకు చెప్పాను. మనకు నచ్చనివాణ్ణి ఆ హద్దు దగ్గర ఆపడం తేలిక. మనల్ని మెచ్చుకుంటూ వచ్చినవాణ్ణి కూడా అక్కడే ఆపగలిగితేనే అది చట్టం. లేకపోతే అది మన పక్షపాతమే.