పేరు అమ్ముకున్న ప్రభువు

ఈ ఉదయం ఆఫీస్ ప్యాంట్రీలో కాఫీ పోసుకున్నాక చూశాను, చేతిలో వేడెక్కుతున్న మగ్గు మీద సగం చెరిగిన నీలం డాల్ఫిన్ బొమ్మ. కొత్తగా చేరిన అమ్మాయి అది ఏ అక్వేరియంలో కొన్నానని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయి మీద కాదు, రాఘవరావు గారి మీద. మనిషి పోయి రెండేళ్లవుతున్నా నన్ను విసిగించడం మాత్రం మానలేదు.

ఇప్పుడు నేను పనిచేస్తున్న ఈ పెద్ద కంపెనీ కొనేయక ముందు, న్యూయార్క్ దగ్గర ఎడిసన్‌లో ఆయనకు సొంతంగా ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. నాకు మొదటి వీసా ఇప్పించింది ఆయనే. రోజూ ఒకే రైల్లో న్యూయార్క్‌లోని క్లయింట్ ఆఫీసుకు వెళ్లేవాళ్లం. పక్క సీట్లో బ్యాగు పెట్టి నా కోసం ఆపేవారు. ఒకసారి తప్పించుకుందామని వేరే పెట్టె ఎక్కితే, వెతుక్కుంటూ అక్కడికీ వచ్చారు. కూర్చున్నాక ఒకటే కథ. మధ్యయుగంలో ఫ్రాన్స్ పక్కన కొండల మధ్య ఒక చిన్న సంస్థానం. దాని ప్రభువుల బిరుదు డోఫాన్, అంటే డాల్ఫిన్. జెండా మీదా అదే బొమ్మ. చివరి ప్రభువు హ్యూంబెర్ట్‌కు ఉన్న ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. పీకల దాకా అప్పులు. సంస్థానాన్ని ఫ్రాన్స్ రాజుకు అమ్మేశాడు. అప్పటినుంచి ఫ్రాన్స్ యువరాజును డోఫాన్ అనడం మొదలైంది. మరి అమ్మినాయన ఏమయ్యాడని ఒకసారి పొరపాటున అడిగాను. "సన్యాసం పుచ్చుకున్నాడమ్మా" అని, ఆ సంగతి తనకూ అప్పుడే తెలిసినట్టు పగలబడి నవ్వారు. ఆ నవ్వు కూడా వారం వారం వినాల్సిందే.

కంపెనీకి ఆ పేరే పెట్టారు, బోర్డు మీదా మాకిచ్చిన మగ్గుల మీదా ఆ బొమ్మే. క్లయింట్లు మేం చేపల తొట్లు అమ్ముతామనుకునేవారు. మార్చమంటే వినేవారు కాదు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి కంపెనీ అమ్ముతున్నానన్నారు. మా నలుగురి గ్రీన్ కార్డ్ ఫైళ్లు మధ్యలో ఉన్నాయి. కొన్నవాళ్లు వాటిని కొనసాగించకపోతే మళ్లీ మొదటికే. నా హెచ్-వన్ వీసా గడువు దగ్గరపడింది. సామాను సర్దుకోవాల్సి వస్తుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. ఆయన మాత్రం మీటింగుల్లో పేరు గురించే కొట్లాడుతున్నారు. పేరు ఉంచాలి, బొమ్మ ఉంచాలి, లేకపోతే సంతకం పెట్టను. గాజు తలుపు ఇవతలికి కూడా వినిపించేది.

ఒకరోజు రైల్లో ఉండబట్టలేకపోయాను. "సార్, మా బతుకులు గాల్లో ఉన్నాయి. మీరు చేప బొమ్మ కోసం ఫైట్ చేస్తున్నారా?" అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "హ్యూంబెర్ట్ అమ్మేముందు ఏం చేశాడంటే..." అని మొదలుపెట్టారు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను.

నెల తిరిగేసరికి అమ్మకం అయిపోయింది. పేరు పోయింది, బోర్డు దించేశారు. మా నాలుగు ఫైళ్లనూ కొత్త కంపెనీ కొనసాగిస్తుందని, అవి తేలేదాకా మమ్మల్ని తీసేయకూడదని ఒప్పందంలో రాశారు. నాకేమీ అర్థం కాలేదు. ఓక్ ట్రీ రోడ్డులోని మన హోటల్లో దోసెలు తింటూ ఆయనే చెప్పారు.

"ఆ రోజు నువ్వు చెవుల్లో అవి పెట్టుకున్నావు, మిగతా కథ వినలేదు. అమ్మే ముందు ఆయన తన జనానికి హక్కులు రాసిచ్చాడమ్మా. కొత్తగా వచ్చినవాడు వాటికి కట్టుబడతానని ఒట్టేయాల్సొచ్చింది. లోకానికి బిరుదొక్కటే గుర్తుంది."

"మరి మన పేరు?"

"నేను అంత పట్టుబట్టేసరికి అదేదో విలువైనదనుకున్నారు. చివర్లో అది వదిలేసి మీ ఫైళ్లు అడిగాను. చవగ్గా వచ్చిందనుకుని సైన్ చేసేశారు."

ముందే చెప్పొచ్చు కదా అన్నాను. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"చెబితే నీ మొహంలో తెలిసిపోదూ? కొనేవాళ్లు మీటింగుకొచ్చినప్పుడల్లా నిన్ను చూస్తున్నారాయె."

థ్యాంక్స్ చెబుదామని నోరు తెరిచేలోపే ఇంకో దోసె ఆర్డర్ చేసి, కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఈ రోజుకీ నాకు ఆయన మీద విసుగే. రెండు ముక్కల్లో చెప్పాల్సినదానికి ఫ్రాన్స్ దాకా తిప్పే మనిషిని ఏమనాలి? కానీ నా కింద పనిచేసేవాళ్ల వీసా సంగతి తేలకుండా నేనూ ఏ కాగితం మీదా సంతకం పెట్టను.

కొత్తమ్మాయి ఇంకా మగ్గు వైపే చూస్తోంది. వచ్చే నెల మా విభాగాన్ని ఇంకో దాంట్లో కలిపేస్తున్నారని తనకింకా తెలియదు.

"అక్వేరియంది కాదు" అన్నాను. "ఒకప్పుడు ఫ్రాన్స్ పక్కన ఓ చిన్న సంస్థానం ఉండేది."

ఆ అమ్మాయి చెయ్యి మెల్లగా ఇయర్‌ఫోన్స్ వైపు వెళ్లింది.

"అవి ఇప్పుడే పెట్టుకోకు" అన్నాను. "అసలు కథ చివర్లో ఉంది."