సాల అడవిలో పిలుపు

అరవైల నడుమ నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక చిన్న తెలుగు బడిలో పంతులమ్మను. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు, కాపురం ఓల్డ్ సెటిల్‌మెంటులో. బడికొచ్చే పిల్లలంతా మా క్వార్టర్ల లైన్ల వాళ్లే. కూత విని ఏ ఇంజనో చెప్పగలరు గానీ, చెట్టు చూపించి పేరడిగితే మాత్రం తెల్లముఖం వేసేవారు. ఒకరోజు పాఠంలో 'చిగురు' అన్న మాట వచ్చింది. అంటే ఏమిటని అడిగితే ఒక పిల్ల పెదవి పైకెత్తి, పళ్ల మీది చిగుళ్లకు వేలు పెట్టి చూపించింది, అందరం నవ్వాం. ఆ నవ్వులోంచే నాకా ఆలోచన పుట్టింది. వారానికొకరోజు, శనివారం పొద్దుట, బడిని చెట్ల కిందికి తీసుకుపోవాలని.

హెడ్‌మాస్టరు పాములన్నారు, ఎండన్నారు, చివరికి మధ్యాహ్నంలోగా తిరిగి రావాలని చెప్పి ఒప్పుకున్నారు. తల్లులు ఒక పట్టాన ఒప్పుకోలేదు. "సెట్ల కింద కూకుంటే సదువొస్తదేటమ్మా?" అని ఒకావిడ నన్ను కుళాయి దగ్గర నిలదీసింది. రెండు నెలలు చూడమని బతిమాలుకున్నాను.

తాల్‌బగీచా ఇళ్లు దాటాక ఎర్రటి మొరం బాట, ఆపైన సాల చెట్లు. మొదటి వారాలు పండగలాగే గడిచాయి. ఆకులతో దొప్పలు కుట్టాం, చీమలు ఎటు పోతున్నాయో చూస్తూ వాటి వెంట నడిచాం. తర్వాత నేనొక ఆట పెట్టాను. అందరూ కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవాలి, చెవిన పడ్డవన్నీ తర్వాత చెప్పాలి. ఎండుటాకు రాలిందని ఒకరు, దూరంగా షంటింగ్ ఇంజననీ, వడ్రంగిపిట్టనీ మరొకరు చెప్పారు. చిగురు చూపించిన పిల్ల మాత్రం, "ఎవులో పిలస్తన్నారు టీచరమ్మా" అంది.

మేమంతా చెవులు రిక్కించాం. కాసేపటికి నాకూ వినిపించింది. మా లైన్లలో తల్లులు ఆడపిల్లల్ని పొద్దుగూకే వేళ ఎలా పిలుస్తారో అచ్చం అలాగే, "ఓ... లమ్మీ..." అని. మాటలు స్పష్టంగా లేవు. ఆ సాగదీత ఉంది, చివర్లో గొంతు పైకి లేచి విరగడం ఉంది. ఎవరి తల్లి అయినా వచ్చిందేమోనని బాట వరకు వెళ్లి చూశాను. మనిషి జాడే లేదు. అడవిలో గాలి కూడా లేదు.

మరుసటి శనివారం అదే ఆట ఆడుతుండగా పక్కన ఆకులు గలగలమన్నాయి. కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది. చెట్ల మధ్య చాలా దూరంలో తన గళ్ల గౌను కనిపించింది. నేను అరిచాను. ఆగలేదు. పరుగెత్తి జబ్బ పట్టుకునేసరికి, ఆ పిల్ల కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి. ముందర నాలుగడుగుల్లో ఎప్పుడో మొరం తవ్వి వదిలేసిన గొయ్యి, నిండా పచ్చటి నీళ్లు.

"ఎక్కడికే?" అన్నాను.

"మాయమ్మ పిలిసింది. రమ్మంది."

ఆ సాయంత్రం మా గుమ్మం ముందు తల్లులంతా చేరారు. కేకలు వేశారు, కొందరు ఏడ్చారు. తరగతి ఇంక లేదనే అనుకున్నాను. అంతలో పక్క లైనులో ఉండే ముసలమ్మ, అందరం మామ్మా అనేవాళ్లం, ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, "ఎలగ పిలిసిందో ఒకపాలి పిలమ్మా" అంది.

పిల్ల పిలిచింది. మామ్మ అరుగు మీద కూలబడింది.

"అది నానెరిగిన గొంతే. మా పక్కింట్లో ఉండేదొక తల్లి. కూతురు పుట్టగొడుగుల కోసం ఆ అడవికెల్లి మరి రానేదు. రెండు వానాకాలాలు రోజూ ఎల్లి పిలిసింది. ఆకరికి మొగుడు పని మానీసి దాన్ని ఊరు తీసుకుపోనాడు. మీరింకా ఈ ఊరు రానేదప్పటికి."

తర్వాతి శనివారం మామ్మ నాతో వచ్చింది. పిల్లల్ని తేలేదు. చాలాసేపు కూర్చున్నాక పిలుపు వచ్చింది, మా నెత్తి మీదనుంచే. కొమ్మ మీద పసులపోలిగాడిలాంటి నల్లపిట్ట. తోక నుంచి రెండు సన్నటి తీగలు, వాటి కొసల్లో చిన్న ఆకుల్లాంటి ఈకలు. బెంగాలీలు భీమ్‌రాజ్ అనే పిట్ట అది, విన్న ప్రతి కూతా పట్టేస్తుంది. గొంతు ఉబ్బించి ఇంజను కూత కూసింది, గద్ద అరుపు అరిచింది, మళ్లీ "ఓ... లమ్మీ" అంది.  "పిట్టే మామ్మా!" అని నవ్వేశాను.

అప్పుడు, గొయ్యి వైపు చెట్లలోంచి, సన్నగా, చిన్నపిల్ల గొంతు. "ఓయ్..."

పిట్ట మళ్లీ పిలిచింది. అటునుంచి మళ్లీ అదే బదులు, ఈసారి ఇంకా నీరసంగా.

"దాని జతపిట్టయి ఉంటుంది" అన్నాను. నిజమే అయివుండాలి. మామ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తల్లి పిలుపు తల్లి కాడ నేరిసింది. మరి ఆ బదులు ఎవుల కాడ నేరిసిందమ్మా?" అంది. గొయ్యి వైపు చూస్తూ, "ఆడగుంట పలికిందన్నమాట. మాకే ఇనపడనేదు."

మేకలు కాసే పిల్లల దగ్గర నేర్చుకుని ఉంటుందని ఏదో చెప్పాను. మామ్మ అప్పటికే లేచి బాట పట్టింది. తిరిగొస్తూ తాల్‌బగీచా దగ్గర నా చెయ్యి పట్టుకుని, "దాని తల్లి బతికే ఉంది. ఈ సంగతి దాని సెవిన పడనీకు. మల్లీ వచ్చేస్తది" అంది. నేను ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు మాత్రం అది పిట్టేనని చెప్పాను.

వర్క్‌షాపు మనుషులు ఒక ఆదివారం వెళ్లి గొయ్యి చుట్టూ పట్టాల కింది పాత స్లీపర్లు కంచెలా పాతారు. ప్రతిసారీ ఒక తల్లి తోడు రావాలన్న షరతు మీద తరగతి మళ్లీ మొదలైంది. అడవికి ఇవతలి అంచున, బాట కనిపించేచోట కూర్చునేవాళ్లం. మాకు ఆ ఊరి నుంచి బదిలీ అయ్యేదాకా సాగింది. ఆ పిల్లలు సాలనూ ఇప్పనూ బెరడు తడిమి చెప్పేవారు. పిట్టల్ని అరుపును బట్టి కాక కళ్లారా చూశాకే గుర్తుపట్టాలని వాళ్లే నియమం పెట్టుకున్నారు.

ఆ నియమం లైన్లలోకీ వచ్చింది. పొద్దుగూకే వేళ తల్లులు "ఓలమ్మీ" అని కేకేస్తే ఏ ఆడపిల్లా పలికేది కాదు. ఆడుతున్న ఆట ఆపి, చప్పుడు చేయకుండా గుమ్మం దాకా వచ్చి, చీకట్లో తల్లి ముఖం పరీక్షగా చూసి, అప్పుడు లోపలికి వచ్చేవారు. కొన్నాళ్లకు తల్లులు పిలవడం మానేశారు. వాళ్లే సందులోకి వెళ్లి, చెయ్యి పట్టుకుని తెచ్చుకునేవారు.