సంతలో నా జాగా

మాది భోపాల్‌పట్నం. ప్రతివారం సంతలో కాలిమిషను వేసుకుని బట్టలు కుట్టేవాణ్ణి. రెడీమేడ్‌లొచ్చాక గిరాకీ పోయింది, పలకరించేవాళ్లూ పోయారు. ఒంటరివాణ్ణి. బతకాలనిపించలేదు. ఒకరోజు పక్కన ఎండుచేపలమ్మే అవ్వతో, "ఇకనుంచి నా జాగా కూడా నువ్వే తీసుకో" అని చెప్పి, మిషను అక్కడే వదిలేసి ఇంద్రావతి నది వైపు నడిచాను.

అవ్వ చేపల బుట్ట వదిలేసి, రొప్పుతూ నా వెనకే వచ్చింది.

"సంతల జాగా కోసం కొట్టుకుంటరు. నువ్వు ఊరికే ఇస్తున్నవేందిరా? సావాలని పోతున్నవా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. రోడ్డు మీదే ఏడ్చేశాను. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. మర్నాడు నా బాధ డాక్టరుకు చెప్పుకోవడానికి ఆసుపత్రికీ తోడొచ్చింది.

మళ్లీ సంతకు వెళ్తే, నా జాగాలో, నా మిషను ముందు, ఆమె బుట్ట ఉంది. నన్ను చూడగానే పక్కకు జరిపింది.

గిరాకీ ఇప్పటికీ అంతంతే. కానీ ఒక్క వారం నేను కనబడకపోతే, వెతుక్కుంటూ వచ్చే మనిషి ఉంది.