పొయ్యిలో గొంతు సవరింపు

1979 చలికాలం. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించి, వాటి బాగోగులు చూసే సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. పేడనీళ్లు పోసే బావిలాంటి గుంతను డైజెస్టర్ అంటాం. దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాస్ హోల్డర్. లోపల మీథేన్ తయారయ్యేకొద్దీ డ్రమ్ము పైకి తేలుతుంది, వాడుతుంటే దిగుతుంది. అక్కడినుంచి పైపు వంటింటి పొయ్యికి పోతుంది. కట్టెలక్కర్లేదు, పొగ ఉండదు.

ఒకరోజు మర్ఖేల్ దగ్గరి తెలుగు పల్లె నుంచి హన్మాండ్లు అనే రైతు ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయెబ్, గా గ్యాస్ మాకొద్దు. పీక్కపోండ్రి. మా బాపు అండ్ల సొచ్చిండు."

అతని తండ్రి విఠల్ దసరాకు ముందు చనిపోయాడని నాకు తెలుసు. ప్లాంటు కట్టించింది ఆయనే.

"పొయ్యి ముట్టిస్తె గొంతు సవరిస్తున్నడు సాయెబ్. అచ్చం బాపు లెక్కనే. నా పెండ్లాం కడుపుతోని ఉన్నది, ఆ అర్రల అడుగు పెడ్తలేదు."

"మీ అవ్వ?"

"అవ్వ అండ్లకెళ్లి బయటికే అస్తలేదు."

ఆ మాట విని వెంటనే అతనితో బయల్దేరాను. చప్పుడు ఎందుకొస్తుందో నాకు తెలుసు. తడి గ్యాస్ చలికి చల్లబడి పైపులో నీరవుతుంది. పైపు కుంగిన చోట ఆ నీరు నిలిస్తే, గ్యాస్ దాన్ని తోసుకుంటూ బుడగలుగా వస్తుంది. మంట ఎగిరెగిరి ఆరిపోతుంది. ఆరిన తర్వాత కూడా గ్యాస్ వస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నానికి చేరాం. హన్మాండ్లు భార్య సావిత్ర వాకిట్లో మూడు రాళ్ల మీద వండుతోంది. వంటింటి తలుపు మూసి ఉంది. దగ్గరికి వెళ్తే కుళ్లిన గుడ్ల వాసన, గ్యాస్‌దే. లోపలినుంచి గొర్... గొర్ర్... కాస్త ఆగి మళ్లీ. నీరని తెలిసి కూడా తలుపు ముందు ఆగాను. ఎవరో పెద్దమనిషి గడప అవతల నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టే ఉంది.

తలుపు తోశాను. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ఆరిన పొయ్యి ముందు విఠల్ భార్య రాజవ్వ కూర్చుని ఉంది. ఒక చేతిలో అగ్గిపెట్టె, మరో చేతిలో పుల్ల.

"అవ్వా, గియ్యకు!"

"మంట పోయింది బిడ్డా. ముట్టియ్యకుంటె ఆయన పోతడేమో."

అగ్గిపెట్టె లాక్కుని, గ్యాస్ కట్టేసి, ఆమెను బయటికి నడిపించాను. వాకిట్లో పొయ్యి మీద నీళ్లు కుమ్మరించమని సావిత్రకు అరిచి చెప్పాను. హన్మాండ్లు కిటికీ గుడ్డలు పీకేశాడు.

వాసన పోయాక పైపు కుంగిన చోట జాయింట్ విప్పాను. చల్లటి నీళ్లు హన్మాండ్లు పాదాల మీద పడ్డాయి. అతను నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. పైపు ఎత్తి సరిచేసి పొయ్యి వెలిగించాం. నిలకడైన నీలం మంట. చప్పుడు లేదు.

రాజవ్వ గడప దగ్గర కూలబడి ఆ మంటనే చూసింది.

"పొగకు నా కండ్లు పాడైతున్నయని కట్టిపిచ్చిండు. ఇంట్ల ఆడోళ్లున్నరని, గొంతు సవరియ్యంది లోపలికి అచ్చేటోడు కాదు. గవి నీళ్లేనా బిడ్డా?"

"నీళ్లే అవ్వా."

పొయ్యి ఆపేశాను. అప్పుడు వినపడింది. పొయ్యిలోంచి కాదు, వాకిటి వైపు నుంచి. ఒకే ఒక్కసారి. రాజవ్వ కొంగు తలమీదికి లాక్కుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు గడప పక్కకు జరిగింది. హన్మాండ్లు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బయటికి చూశాను. సావిత్ర తప్ప ఎవరూ లేరు. ఆమె కూడా కొంగు కప్పుకుని, తల వంచి, గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

పైపులో మిగిలిన గాలి అయి ఉంటుందని వాళ్లతో అన్నాను. పైపు వాకిటి పక్కనుంచే వస్తుంది. అయి ఉండొచ్చు.

తర్వాత అక్కడ వాటర్ ట్రాప్, అంటే చేరిన నీటిని వదిలేసే చిన్న కుళాయి, పెట్టించాను. ఆ ఇంట్లో అదే పొయ్యి మీద వంట సాగింది. సావిత్రకు ఆడపిల్ల పుట్టింది.

చప్పుడుకు భయపడిన మనిషి మా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఆ చప్పుడు కావాలనుకున్న మనిషి తలుపులు మూసుకుని కూర్చుంటుంది. ఇది ఆ రోజే తెలిసింది. అందుకే ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, పొయ్యిలో చప్పుడొస్తోందా అని అడిగి ఊరుకోలేదు. అది ఎవరి గొంతులా ఉందని కూడా అడిగేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరు జవాబు చెప్పేవారు కాదు. వాళ్ల ఇళ్లలో ముందుగా కిటికీలు తెరిచేవాణ్ణి.