కరెంటుకి ఒక చెంబు నీళ్ళు

మా చిన్నప్పుడు... దీపాలు పెట్టే వేళకి మామ్మ రెండు చెంబులతో పెరట్లోకి వెళ్ళేది. ఒక చెంబు నీళ్ళు తులసమ్మకి. రెండోది కరెంటుకి!

నవ్వకండి. స్తంభం మీంచి ఇంటికి రెండు తీగలు రావాలి కదా... మాకు వచ్చేది ఒక్కటే. రెండోది ఎప్పుడో తెగిపోయింది. దాని బదులు, నాగావళి ఒడ్డున మా ఊళ్ళో చాలామందిలాగే మేమూ పెరట్లో ఇనుప ఊచ పాతి, ఇంట్లోంచి వచ్చే తీగ దానికి చుట్టాం. దాన్ని 'ఎర్తు' అనేవాళ్ళం. నేల ఎండితే బల్బు గుడ్డిగా వెలిగేది. చెంబుడు నీళ్ళు పోస్తే ఇల్లంతా వెలుగే.

నేను ఆరో తరగతి. ఆ రోజే బళ్ళో సైన్సు మాస్టారు రెండు బ్యాటరీలు, తీగ పెట్టి టార్చి బల్బు వెలిగించి చూపించారు. తీగ ఒక కొస లాగేస్తే ఆరిపోయింది. దారి తెగితే కరెంటు పారదన్నారు. అదేదో నేనే కనిపెట్టినట్టు ఇంటికొచ్చాను.

సాయంత్రం పెరటి గుమ్మం మీది జీరో బల్బు స్విచ్ వేస్తే వెలగలేదు. మామ్మ ఊచ మొదట్లో నీళ్ళు పోసి, వంగి చూసింది.

"ఒలే గుంటా, తీగ ఊడిపోనాదే. స్విచ్చి కట్టీ, సుట్టెడతాను."

"కట్టక్కర్నేదు మామ్మా! బల్బు ఎలగట్నేదు గదా... దారి తెగిపోనాది, కరెంటు రాదు. పట్టుకో, ఏటీ అవదు."

చదువుకుంటున్న పిల్ల చెప్పింది కదా... పట్టుకుంది.

బల్బు వెలిగింది.

సన్నగా, ఎర్రగా... చప్పట్లు కొట్టబోయాను. అప్పుడు చూశాను. తీగ ఇంకా ఊచకి తగలనే లేదు! మామ్మ పిడికిట్లోనే ఉంది. తడి నేల మీద ఉత్త కాళ్ళతో కొయ్యలా బిగుసుకుపోయింది. నోరు తెరిచి ఉంది, మాట లేదు. తెగిన దారి మా మామ్మ ఒంట్లోంచి కలిసింది...

స్విచ్ నా పక్కనే ఉంది. నా చెయ్యి కదల్లేదు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి కట్టేసింది. మామ్మ దబ్బున పడిపోయింది. అమ్మ అరికాళ్ళు రుద్దగా రుద్దగా కళ్ళు తెరిచింది.

"ఎలిగినాదేటే?" అంది నాతో.

"ఏటత్తా, స్విచ్చి కట్టకుండా ఎందుకు ముట్టుకున్నావు?" అని అమ్మ ఏడుస్తూ కేకలేసింది. మామ్మ ఒకసారి నా వైపు చూసి, "మర్సిపోనానమ్మా" అంది. పోయేదాకా ఆ మాట మార్చలేదు.

ఇప్పుడు మా ఇంట్లో, మనిషికి కరెంటు తగిలితే దానంతటదే పడిపోయే స్విచ్ ఉంది. ఊచ లేదు, చెంబూ లేదు. అయినా మొన్న మా పాప బడి కోసం బ్యాటరీ, బల్బు ముందేసుకుని "అమ్మా, వెలగట్లేదు, ఈ కొస పట్టుకో" అంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఉత్త టార్చి బ్యాటరీ అని తెలిసినా...

మీ ఇళ్ళల్లోనూ కరెంటుకి నీళ్ళు పోసేవారా? ఆ చెంబు ఎవరి చేతిలో ఉండేదో చెప్పండి.

అమ్మా... నువ్వూ ఇది చదువుతావని తెలుసు. ఆ రోజు మామ్మ మర్చిపోలేదు. పట్టుకోమన్నది నేనే.