నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

మగ్గాల మిల్లులో పనిచేసినవాళ్ళు గుట్టుగా మాట్లాడుకోవాలంటే గొంతు తగ్గిస్తే చాలదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. మూడు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరి చెవికీ చేరదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చప్పుడు లేకుండా పెదాలు కదిపి మాట్లాడుకునేవారు, పెదాలు చూసి అర్థం చేసుకునేవారు. ఆ చివర నిలబడి ఈ చివరి మనిషితో అత్తగారిని తిట్టిపోసుకోవచ్చు. కాకపోతే మధ్యలో ఉన్న అరవైమందీ ఆ తిట్లు చదివేస్తారు. పైకి పొక్కకూడని మాటయితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. అలా మూతి దాచుకున్న మనిషి వంక ఎవరూ రెండోసారి చూసేవారు కారు, అది అక్కడి మర్యాద.

ఈ సంగతి చిలకకు తెలియనిది కాదు. ఇరవై ఆరేళ్ళు ఆ షెడ్డులోనే బతికింది. మిల్లు మూతపడి పన్నెండేళ్ళయింది కాబట్టి మరిచిపోయిందని అనుకోవాలి. లేకపోతే ఆ ఉదయం పట్నంలో, పెద్దాసుపత్రి నాలుగో అంతస్తులో, అద్దాల గదిలో డాక్టరుకు ఎదురుగా కూచుని అన్ని మాటలు మాట్లాడి ఉండేది కాదు. అద్దానికి ఇవతల బెంచీ మీద నిచ్చెన కూచుని ఉంది.

నిచ్చెన అంటే చిలక నేస్తం, జబ్బు చేసింది ఆమెకే; ఆమె తాలూకు మనిషి రావాలన్నారని చిలక లోపలికి వెళ్ళింది. షెడ్డులో పేరు పెట్టి పిలిస్తే వినబడదు కనుక ప్రతివాళ్ళకూ ఒక సైగ ఉండేది. ఈమె మనిషి తాటిచెట్టంత పొడుగు. ఆమెను పిలవాలంటే మెట్లెక్కుతున్నట్టు చేతులు ఆడించేవారు. పక్క మగ్గం ఆమెకు నోరు మూతపడదు కనుక ఐదు వేళ్ళూ చిలక ముక్కులా కూర్చి టకటకలాడించేవారు. ఆ సైగలే తర్వాత పేర్లయి కూచున్నాయి. అసలు పేర్లు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా పనికి రాలేదు.

గదిలో డాక్టరు వీపు అద్దం వైపు ఉంది. ఆయన ఏమంటున్నాడో నిచ్చెనకు తెలియలేదు. చిలక మొహం మాత్రం నిండుగా కనబడుతోంది. "అక్కచెల్లెళ్ళమండీ," అంది చిలక రెప్ప వాల్చకుండా. కాసేపు విన్నది. "ఆపరేషన్ చేసినా లాభం లేదా?" అంది. మళ్ళీ విన్నది. "ఎన్నాళ్ళండీ?" అంది. ఈసారి చాలాసేపు కదలకుండా విని, కొంగుతో ముక్కు తుడుచుకుని, "దానికి మీరు చెప్పకండి. నెమ్మదిగా నేను చెప్పుకుంటాను," అంది.

ఆ మాటలన్నీ నిచ్చెన చదివేసింది. డాక్టరు చెప్పిన జవాబు ఒక్కటే ఆమెకు అందలేదు.

తలుపు తోసుకుని చిలక నవ్వు మొహంతో బయటికొచ్చింది. "ఏం లేదే. కడుపులో పుండట. మందులు రాసిచ్చాడు. కారం తగ్గించమన్నాడు. పద పద, ఇంత దూరం వచ్చి పట్నం చూడకుండా పోతామా!"

నిచ్చెన లేచి నిలబడింది. చావంటే భయం లేకపోలేదు, ఉంది. కానీ అంతకన్నా ముందు బుర్రలో మెదిలింది తమ్ముడు.

తమ్ముడికి నలభై ఐదేళ్ళు. బుద్ధి ఐదేళ్ళ దగ్గర ఆగిపోయింది. తల్లి పోయేనాటికి నిచ్చెనకు పందొమ్మిది, వాడికి ఏడు. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళందరినీ గుమ్మంలోంచే పంపించేసి మిల్లులో చేరింది. ఎవరైనా త్యాగం అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "వాడికి అన్నం పెడుతున్నాను, దానికింత పెద్ద మాటెందుకు?" అనేది. మిల్లు నుంచి తెచ్చిన, నూలు చుట్టే ఖాళీ కండెలు వాడి ఆట వస్తువులు. నేల మీద వరసగా నిలబెడతాడు, ఒక్కొక్కటీ ఇటునుంచి అటు జరుపుతాడు, అన్నీ అయ్యాక అటునుంచి ఇటు జరుపుతాడు. తొమ్మిదో ఏట చెయ్యి కాల్చుకున్నప్పటినుంచి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. బొత్తాలు పెట్టుకోవడం వచ్చు. గ్లాసు కడగడం వచ్చు. అక్క ఉంటుందనుకోవడం వచ్చు. ఆవేళ పక్కింటి కుట్టుమిషను ఆవిడ దగ్గర కూచోబెట్టి వచ్చింది.

కాబట్టి ఆమెకు కావలసింది లెక్క. నెలలా? వారాలా? ఏడాదా? ఏడాదయితే ఏదో ఒక దారి వెతకొచ్చు. వారాలయితే ఇవాళే మొదలుపెట్టాలి. ఆ లెక్క చిలక నోట్లో ఉంది. ఊళ్ళో కుక్క ఈనినా ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనిషి ఇవాళ దాన్ని పళ్ళ కింద బిగబట్టి కూచుంది.

పట్నం చూడాలన్నది వాళ్ళకు పాతికేళ్ళ కోరిక. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడల్లా "ఎప్పటికైనా వెళ్దామే" అనుకునేవారు. ఎప్పుడూ ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరలేదు. ఇప్పుడు మాత్రం కుదిరింది.

మొదట మ్యూజియానికి వెళ్ళారు. ఏనుగు దంతాలు, తుప్పు పట్టిన కత్తులు, ఎవరో రాజుగారు తిన్న పళ్ళెం చూశారు. మూడో గదిలో తాడు కట్టి లోపల ఒక మగ్గం పెట్టారు. అచ్చం వాళ్ళ మిల్లు మగ్గమే. ముట్టుకోరాదని బోర్డు.

"ఓసి నీ దుంప తెగ! మనం మ్యూజియంలోకి ఎక్కేశామే!" అంది చిలక.

నిచ్చెన వంగి చూసింది. నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడెను తిరగేసి పెట్టారు. చూసి ఊరుకునే మనిషి కాదు. తాడు మీదుగా తన పొడుగు చెయ్యి చాపి నాడెను తీసి, సరిగ్గా తిప్పి పెట్టింది. కాపలా అతను ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "చదువు రాదా? బోర్డు కనబడలేదా?" అని కేకలేశాడు.

మామూలప్పుడయితే చిలక అతని ఏడు తరాలనూ కడిగేసేది. ఇవాళ, "తప్పయిపోయింది బాబూ, పెద్దమనిషి, ఏమీ అనకు," అని చేతులు జోడించింది. నిచ్చెన అది చూసింది. చిలక ఒకళ్ళకు చేతులు జోడించిందంటే తన పని బాగా అయిపోయినట్టే.

ఆ తర్వాత రోజంతా అదే వరస. బస్సులో కిటికీ సీటు నువ్వు కూచో అంది. ఎండగా ఉంది నీడలో నడు అంది. ఏమన్నా సరేననడమే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటకైనా ఎదురు చెప్పకుండా ఒప్పుకోని మనిషి. మిల్లులో ఆమె మేస్త్రీతో వాదిస్తుంటే మగ్గాలు ఆపుకుని చూసేవారు.

పార్కులో చెట్టు కింద డబ్బా తెరిచారు. నిచ్చెన రెండు ముద్దలు తిని పక్కన పెట్టింది.

"మా వాడు నీ మాట వింటాడే. నేను చెబితే మొండికేస్తాడు గానీ, నువ్వంటే వాడికి ప్రాణం," అంది.

చిలక డబ్బా మూత వెతుక్కుంది. అది ఆమె ఒళ్ళోనే ఉంది. "అదుగో, ఆ టవరు మీదికెక్కితే సముద్రం దాకా కనబడుతుందట. పద, లైను పెరిగిపోతుంది," అంది.

నిచ్చెనకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ స్నేహంలో చిలక మీద ఇంత కోపం ఎన్నడూ రాలేదు. నా చావు నాకు చెప్పకుండా దాచడానికి నువ్వెవరివే అని జుట్టు పట్టుకుని అడగాలనిపించింది. కానీ లిఫ్టు పైకి లేస్తుంటే చిలక భయపడి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వదిలించుకోవడానికి మనసొప్పలేదు.

పైన గాలి విసురుగా ఉంది. ఇళ్ళన్నీ అగ్గిపెట్టెల్లా కనబడుతున్నాయి. ఎక్కడో చివర తెల్లటి గీత ఒకటి సముద్రమన్నారు.

"వచ్చే ఏడు తమ్ముణ్ణి కూడా తీసుకొద్దామే," అంది నిచ్చెన, గీతకేసి చూస్తూ.

"అలాగే, తీసుకొద్దాం," అంది చిలక వెంటనే.

వాడికి ఎత్తంటే భయమనీ, కుర్చీ ఎక్కినా ఏడుస్తాడనీ ఆమెకు తెలుసు. మామూలుగా అయితే "నీకు మతి పోయిందే" అని ఉండేది. ఏడాది లేదని నిచ్చెనకు అక్కడే తేలిపోయింది.

సాయంత్రం ఐదు గంటలకు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. బండికి ఇంకా టైముంది. చిలక చూసినవన్నీ మళ్ళీ మొదటినుంచి వర్ణిస్తోంది. నిచ్చెన వినడం లేదు. ఇంటికి చేరితే ఇక ఈ మాట ఎత్తడానికి సందు దొరకదు. చిలక ఉండేది కొడుకు ఇంట్లో, రెండు గదులు, ఐదుగురు మనుషులు. వంటింట్లో పొయ్యి ఆరాక అక్కడే చాప వేసుకుంటుంది. కోడలు మంచిదే, కానీ మాట కరుకు. అక్కడ నలుగురి మధ్య కూచుని ఏమడుగుతుంది?

అప్పుడు పక్క లైను మీదికి గూడ్సు బండి వచ్చింది. ఆగకుండా పోయే బండి, ఖాళీ డబ్బాలు. చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. అచ్చం షెడ్డు చప్పుడే. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఇద్దరూ తమకు తెలియకుండానే ఒకరి వైపొకరు తిరిగి కూచున్నారు, ఒకరి పెదాలు ఒకరికి కనబడేట్టు.

"ఎన్నాళ్ళు?" అంది నిచ్చెన, పెదాలతోనే.

"నాలుగు నెలలు," అన్నాయి చిలక పెదాలు.

ఆలోచించుకునే వ్యవధి లేకపోయింది. ఆ చప్పుడులో అడిగినదానికి అప్పటికప్పుడు జవాబివ్వడం ఇరవై ఆరేళ్ళ పని. మాట జారాక గానీ ఏమన్నదో చిలకకు తెలియలేదు. తెలిసి, మొహం తెల్లబోయింది. ఆసుపత్రి అద్దం అప్పుడు గుర్తొచ్చినట్టుంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

నిచ్చెనకు కోపం పోయింది. నాలుగు నెలలు. తను ఇంకా తక్కువే అనుకుంది. బండి ఇంకా పోతూనే ఉంది. ఇదే అదను. మళ్ళీ ఇంత చప్పుడు దొరకదు. చప్పుడు లేనిచోట అడిగే ధైర్యం ఆమెకు లేదు.

"మా వాణ్ణి నీ దగ్గర ఉంచుకుంటావా?"

చిలక ఆ పెదాలనే చూసింది. చదివింది. చదవలేదని అనుకోవడానికి వీల్లేదు. ఆమె కుడిచెయ్యి ఒళ్ళోంచి మెల్లగా లేచింది. లేచి నోటికి అడ్డం వచ్చి నిలబడింది.

ఆ చేతి వెనక ఆమె ఏదో అంటూనే ఉంది. దవడ కదులుతోంది. కోడలి మాట చెబుతోందో, చాప వేసుకునే చోటు చెబుతోందో, దేవుణ్ణి తిడుతోందో. షెడ్డులో అరవైమందికీ అడ్డం పెట్టిన చెయ్యే అది. నిచ్చెనకు ఎన్నడూ పెట్టలేదు. నిచ్చెన ఒక్క క్షణం చూసి, తల తిప్పేసుకుంది. మూతి దాచుకున్న మనిషి వంక రెండోసారి చూడకూడదు.

బండి పోయింది. చెవుల్లో హోరు మిగిలింది. చిలక చెయ్యి దించి కొంగుతో మొహమంతా తుడుచుకుంది.

"మన బండి ఈ ప్లాట్‌ఫారమేనంటావా?" అంది.

"ఇదే," అంది నిచ్చెన. "ఆ సంచీ ఇలా ఇవ్వు. పొద్దున్నుంచి నువ్వే మోస్తున్నావు."

బండిలో ఇద్దరూ ఆనుకునే కూచున్నారు. ఊరు చేరేదాకా చిలక ఆమె చెయ్యి వదల్లేదు. అంత ప్రేమ ఉంది. ఇంట్లో చోటు మాత్రం లేదు. రెండూ నిజమే. ఆ సంగతి నిచ్చెనకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నొప్పి తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. వాడు గడప దగ్గరే ఆగిపోయాడు.

"పొయ్యి కదక్కా. తప్పు కదా."

"ఇవాళ్టినుంచి తప్పు కాదు. రా."

అగ్గిపుల్ల వెలిగించడానికే గంట పట్టింది. మూడుసార్లు వేలు చురుక్కుమని ఏడ్చాడు. ఆమె ఊదలేదు, ఊరడించలేదు. పుట్టి ఇన్నేళ్ళలో మొదటిసారి వాణ్ణి గసిరింది. గిన్నెలో బియ్యం, వేలి గణుపు మునిగేదాకా నీళ్ళు. గడియారం చూడటం రాదు కనుక పొయ్యి పక్కన నేల మీద వంద కండెలు నిలబెట్టింది. "ఒకటి జరిపి, పదిసార్లు చప్పట్లు కొట్టు. తర్వాత ఇంకొకటి. అన్నీ అటు వెళ్ళాక ఈ మీట తిప్పు, మంట ఆరిపోతుంది."

కండెలు జరపడం వాడికి హాయి. అన్నీ జరిపాడు. సంబరంలో మంట ఆపడం మరిచిపోయి, అటువైపు వెళ్ళిన కండెలను ఇటు జరపడం మొదలుపెట్టాడు. గిన్నె అడుగంటి పొగ వచ్చింది. ఆమె ఆపలేదు, వాడికే తట్టాలని గోడకానుకుని చూస్తూ నిలబడింది. కడుపులో నొప్పి మెలిపెడుతోంది.

వాడు పొగ చూసి బెదిరి ఆమె వైపు తిరిగాడు. "నువ్వుండి ఇదంతా నాకెందుకక్కా? నువ్వెక్కడికైనా వెళ్తున్నావా?"

నిచ్చెన నోరు తెరిచింది. మాట వచ్చేలోపే ఆమె చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. వాడికి పెదాలు చదవడం రాదు, వాడి ముందు ఆ చెయ్యి అక్కర్లేదు. అయినా లేచింది. దాని వెనక ఆమె పెదాలు కాసేపు కదిలాయి.

తర్వాత ఆ చేత్తోనే మంట ఆపి, మాడిన గిన్నె దించి, కండెలన్నీ మళ్ళీ ఇటువైపు పేర్చింది.

"అగ్గిపుల్ల తియ్యి," అంది. "మళ్ళీ మొదటినుంచి."