పేలదన్నవాడు ముందు నిలబడాలి

మా డబ్లిన్‌లో పెద్దమనుషులకి పరువు పోవడం జలుబు చేసినంత సులువు. పేకాటలో ఒకడు ఇంకొకడి వంక చూసి నవ్వాడంటే చాలు, మర్నాడు పొద్దున్నే పన్నెండు అంగల దూరంలో నిలబడి పిస్తోళ్ళతో కాల్చుకోవాల్సిందే. కాల్చుకోండి, నాకేం? ఆ పిస్తోళ్ళకి పిడులు చెక్కి ముప్పై ఏళ్ళు పొట్ట పోసుకున్నవాణ్ణి. కానీ వాళ్ళ చేతకానితనాన్ని తెచ్చి మా సబీనా నెత్తిన రుద్దితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతోంది.

సబీనా ట్రేసీది డౌడల్ గారి కొట్లో నా పక్క బల్ల. పిస్తోళ్ళకి చెకుముకి కీళ్ళు అరగదీసి బిగించడం ఆమె పని. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకని గీకాలి, రవ్వలు గిన్నెలో ఉన్న మందు మీద రాలాలి, ఆ మంట గొట్టంలోకి పాకాలి. ఇదంతా మనం "అమ్మో" అనేలోపు అయిపోవాలి. ముందు ఆ పని ఆమె మొగుడు కార్మక్ చేసేవాడు. దగ్గుతో తీసుకుని తీసుకుని అతను పోయాక, "ఇక ఆ బల్ల ఖాళీ చెయ్యమ్మా" అన్నాడు డౌడల్.

"ఎందుకు చెయ్యాలయ్యా? రెండేళ్ళు ఆయన ఇంట్లో మంచాన పడుంటే, మీరు ఇంటికి పంపిన కీళ్ళకి ఆకురాయి పట్టిందెవరనుకున్నారు? మీరు మెచ్చుకుని అమ్మినవన్నీ నా చేతివే!"

డౌడల్ ఒక కొత్త కీలు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాడు. ఆవిడ బల్ల దగ్గర కూర్చుంది.

నాలుగేళ్ళు బాగానే గడిచింది. ఒక మార్చి నెల పొద్దున అంబ్రోస్ డేలీ దొర చెవికి కట్టు కట్టుకుని, ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని ఊడిపడ్డాడు. మా కొట్లో కొన్న పిస్తోళ్ళ పెట్టె నా బల్ల మీదకి విసిరాడు. సంగతేంటంటే, ముందు రోజు పోట్లాటలో ఆయన మొదటి పిస్తోలు టక్కుమంది గానీ పేలలేదు. మా దగ్గర కట్టుబాటు ఒకటుంది: మీట నొక్కాక పేలకపోయినా ఒక దెబ్బ అయిపోయినట్టే లెక్క, మళ్ళీ నొక్కనివ్వరు. అవతలివాడి గుండు ఈయన చెవి తమ్మెని ఎత్తుకుపోయింది. రెండో పిస్తోలు పేలింది గానీ గుండు వెళ్ళి చెట్టుకి తగిలింది. ఇప్పుడు ఊళ్ళో కాఫీ కొట్లన్నిట్లో ఇదే నవ్వులాట.

దొర ఒక కాగితం తీసి డౌడల్ ముందు పెట్టాడు. "తప్పు పిస్తోలుదే అని ఇందులో ఉంది. సంతకం పెట్టు, పత్రికలో వేయిస్తాను. ఆ ఆడది ఈ రోజే పోవాలి. లేదంటే పరువున్నవాడెవడూ నీ గడప తొక్కడు."

డౌడల్ చెయ్యి కలం వైపు వెళ్ళింది. చీ, ఏం మనిషి!

"ఆగండయ్యా," అంది సబీనా. పేలని పిస్తోలు తీసి ఉక్కు పలక మీద వేలు రాసింది, వాసన చూసింది. "బాతు కొవ్వు! ఎవరు పూశారు దొరా దీన్ని?"

"నా నౌకరు తళతళలాడేట్టు తోమాడు. నలుగురి ముందు పెట్టె తెరిస్తే మురిగ్గా కనబడాలా?"

ఇదీ మా దొరల జబ్బు. చావబోయే ముందు కూడా పిస్తోళ్ళని వెండి చెంచాల్లా తోమించాలి! సబీనా పిస్తోలు దించగానే కొట్లో పిల్లి వచ్చి ఆ పలకని నాకడం మొదలెట్టింది. స్నేహితుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు.

"జిడ్డు మీద రవ్వ ఎలా పుడుతుంది దొరా?"

"మరి రెండోది? గుండు చెట్టెక్కిందే!"

"గురి చూడ్డం మర్యాద కాదంటారు మీరే. చెయ్యెత్తి గభాల్న కాల్చేస్తారు. గొట్టానికేమైనా కళ్ళున్నాయా?"

"నోర్ముయ్! తుడిచినా ఇది పేలదు. నూటికి నూరుసార్లూ పేలదు. ఆడదాని పని!"

"నూటికి రెండు మూడుసార్లు పేలకపోవచ్చు. రాయి రాయే, నేను అబద్ధం చెప్పను. నూరుసార్లూ పేలదంటే మాత్రం ఊరుకోను." పలకని పొడిగుడ్డతో తుడిచింది. రాయి సరిచేసింది, మందు పోసి గుండు దట్టించింది. "రండి పెరట్లోకి. మేం పిస్తోళ్ళు కాల్చి చూసే ఆ ఇసుకపెట్టె ముందు నిలబడండి. పేలకపోతే అయ్యగారు సంతకం పెడతారు, నేను ఈ పూటే పోతాను."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "నీకు మతి పోయిందా సబీనా? ఉరి తీస్తారే!"

"నువ్వుండు ఫింటన్ అన్నా."

స్నేహితులిద్దరూ దొర మొహం చూస్తున్నారు. వెళ్ళక చస్తాడా? వెళ్ళి నిలబడ్డాడు. పన్నెండు అంగల దూరంలో సబీనా చెయ్యెత్తింది. రాయి వెనక్కి లాగిన చప్పుడు పెరడంతా వినబడింది.

"మూడు అనగానే కాలుస్తాను దొరా. ఒకటి," అంది.

"రెండు" అనేలోపు దొర గోడ పక్కకి ఒక్క గంతు వేశాడు.

అప్పుడు నొక్కింది. పిస్తోలు పేలింది. పొగ పోయాక చూస్తే, ఇసుకపెట్టె పలకలో సరిగ్గా దొర గుండె ఉండాల్సిన ఎత్తున చిల్లు పడింది.

"అయ్యగారు సంతకం పెట్టక్కర్లేదు దొరా," అంది సబీనా. "పేలుతుందని మీ కాళ్ళే ఒప్పుకున్నాయి."

డౌడల్ ఆ కాగితాన్ని పొయ్యిలో పడేశాడు. సబీనా ఇంకో పందొమ్మిదేళ్ళు నా పక్కనే ఆకురాయి పట్టింది. ఆ బల్ల దగ్గర్నుంచి లేవమని మళ్ళీ ఎవరూ అనలేదు.